గడ్డం బీరుకు ఎన్ని మార్కులు?

బీరు తాగేవాడికి ఒకప్పుడు రెండే పనులు: తాగడం, ఇల్లు చేరడం. అమెరికావాళ్లు మూడో పని కూడా పెట్టారు, పేపర్లు దిద్దడం. 1985లో అక్కడ బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ మొదలైంది. ముద్దుగా బీజేసీపీ. ముందు మీరు పరీక్ష రాసి పాసవ్వాలి. ఆ తర్వాతే పక్కవాడు కాచిన బీరుకు మార్కులేసే అర్హత వస్తుంది. మొత్తం 50. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తమ్మీద ఎలా ఉందన్నదానికి 10. రూపానికి మూడే మార్కులట. మన పెళ్లిచూపుల పెద్దలు ఈ సిలబస్ చూసినట్టు లేరు.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది వాళ్ల దయ. ఎంత ఘోరమైన బీరుకైనా 13కి తగ్గకుండా వేయడం మర్యాద. ఇంట్లో కాచి, వారాల తరబడి కాపలా కాసి పంపినవాడి మనసు నొచ్చుకోకూడదు కదా! ఇంకో సంగతి. వైన్ పరీక్షకులు పుక్కిలించి ఉమ్మేస్తారు. బీరు జడ్జీలు మింగుతారు. చేదు తెలియాలంటే గొంతు దిగాల్సిందేనని కారణం చెబుతారు. కారణం లేకపోయినా మింగేవారేననుకోండి.

ఇక వాళ్ల భాష వినాలి. బ్రెటనోమైసిస్ అనే ఈస్టుతో పులిసిన బీరులో గుర్రం దుప్పటి వాసన వస్తుందంటారు. అది తిట్టు కాదు, చాలాసార్లు మెప్పే. బెల్జియంలో లాంబిక్ బీరును మూతలేని వెడల్పాటి తొట్టిలో రాత్రంతా చల్లారబెడతారు. గాలిలో ఉన్న సూక్ష్మజీవులే వచ్చిపడి పులియబెడతాయి. బ్రస్సెల్స్‌లోని కాంటియోన్ బ్రూవరీలో సాలెగూళ్లు కూడా దులపరు, ఈగల సంగతి సాలీళ్లు చూసుకుంటాయని. మన తాటిచెట్టు మీది లొట్టిలో జరిగేదీ ఇంచుమించు ఇదే. పోతుతాడు కల్లా, పండుతాడు కల్లా, పొద్దుటిదా, మాపటిదా అన్నది ఒక్క గుక్కలో చెప్పే మనుషులు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు సర్టిఫికెట్ లేదు. గుర్రం దుప్పటి వాసన చూసిన అనుభవమూ లేదు. కాబట్టి వాళ్లు తాగుబోతులు, వీళ్లు జడ్జీలు.

ఏ వర్గంలోనూ ఇమడని బీర్ల కోసం బీజేసీపీ జాబితాలో ఎక్స్‌పెరిమెంటల్ అనే గది ఒకటుంది. ఆ గదిలోకి తోయదగినవి లోకంలో చాలానే పుట్టాయి. ఓరెగన్‌లోని రోగ్ కంపెనీ, తన బ్రూమాస్టర్ జాన్ మైయర్ దశాబ్దాలుగా పెంచిన గడ్డంలో ఈస్టు కనిపెట్టి, 2013లో దానితో బీరు అమ్మింది. గడ్డం వెంట్రుకలను ల్యాబుకు పంపింది సరదాకే. 2012 ఏప్రిల్ ఒకటిన డెన్వర్‌లోని విన్‌కూప్ బ్రూవరీ ఆంబోతు వృషణాలతో స్టౌట్ అనే నల్లబీరు చేశామని ఉత్తుత్తి ప్రకటన ఇచ్చింది. జనం నవ్వి ఊరుకోక, ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఆ ఏడే నిజంగా కాచారు. ఐస్‌లాండ్‌వాళ్లు తీసిపోతారా? 2015లో తిమింగలం వృషణాలను గొర్రెపెంట పొగలో ఆరబెట్టి బీరులో వేశారు. స్కాట్లండ్‌లో బ్రూడాగ్ 2010లో 55 శాతం ఆల్కహాల్‌తో ఒకటి తీసి, ఉడుతల్లాంటి చచ్చిన చిన్న జంతువులకు గడ్డి కూరి వాటిలో సీసాలు పెట్టి అమ్మింది. దాని రూపానికిచ్చే ఆ మూడు మార్కులు సీసాకా, ఉడుతకా?

అదే 2010లో అన్‌టాప్డ్ అనే యాప్ వచ్చింది. అయిదు నక్షత్రాలు, పావు పావుగా పంచుకోవచ్చు. అప్పటినుంచి గ్లాసు నోటికి చేరేలోపు ఫోన్ అడ్డమొస్తోంది. దుకాణాల్లో దొరికే మామూలు లాగర్ బీరుకు అక్కడ మూడు నక్షత్రాలు దాటడమే గగనం. విస్కీ పీపాలో మగ్గి, కాఫీ, వెనిలా కలిపిన చిక్కటి స్టౌట్ మాత్రం నాలుగు సులువుగా దాటుతుంది. అందులోనూ నాలుగొందల సీసాలే చేశామంటే ఇంకో పావు. నిజానికి తప్పు దాచుకునే చోటులేని బీరు లాగరే. కాచేటప్పుడు ఏ చిన్న పొరపాటు జరిగినా మొదటి గుటకలోనే బయటపడుతుంది. స్టౌట్‌లో కాఫీ గుమ్మరించినవాడికి ఆ భయం తక్కువ. బీజేసీపీ జడ్జీలు లాగర్‌ను లాగర్ కొలతతోనే కొలుస్తారు, అంతమేరకు న్యాయం. యాప్ జనానికి అంత ఓపిక లేదు. వాళ్లు మార్కులేస్తున్నది సీసా వెనక ఉన్న కథకి.

నక్షత్రాలు పంచే మిత్రులకొక విన్నపం. ఈసారి చల్లటి మామూలు లాగర్ తాగి దాహం తీరితే, చెప్పుకోవడానికి కథేమీ లేదన్న ఒక్క కారణంతో దాని మార్కులు కోయకండి.