పిల్లల చెవిన వేయకూడని సలహాలు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా, ఇటు కృష్ణానగర్ అద్దె గదుల దాకా సలహాలకు కరువు లేదు. పదహారేళ్ల పిల్ల ఒక రీల్ పెట్టి, దాని కింద బూతులు కుప్పపడితే పోలీసులకంటే ముందు సలహాదారులు వచ్చేస్తారు. వాళ్లు చెప్పేవి చాలావరకు ఇంటి పరువునో, సినిమా విడుదలనో కాపాడతాయి. పిల్లను గాలికొదిలేస్తాయి. తరచుగా వినిపించేవాటిని ఇక్కడ రాస్తున్నాను, ఎవరూ పాటించకూడదని.

"పట్టించుకోకు. సినిమా ఫీల్డ్‌లోకి వచ్చాక తోలు మందం కావాలి." అందరికంటే ఎక్కువ హాని చేసే మాట ఇదేనని నా నమ్మకం. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరే యువతి వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశమంతా తిరిగింది. అప్పటికే ఆమె అగ్ర కథానాయిక, వెనక కుటుంబం, స్నేహితులు ఉన్నారు. అయినా, ఇదే తాను స్కూల్లోనో కాలేజీలోనో ఉండగా జరిగితే ఎలా ఎదుర్కొనేదాన్నో ఊహించలేనని ఆమె బహిరంగంగా రాశారు. ఆ మాట చదివాక కూడా పిల్లల్ని తోలు మందం చేసుకోమనడం క్రూరత్వం.

"ఫేక్ ఐడీ, ఎవరు పట్టుకుంటారు?" అదే కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరుకు చెందిన ఒక ఇంజినీరును అరెస్టు చేశారు. అతను రష్మిక పేరుతోనే ఫ్యాన్ పేజీ నడిపేవాడని, ఫాలోయర్లను పెంచుకోవడానికే ఇదంతా చేశాడని పోలీసులు చెప్పారు. గొడవ ముదిరాక పోస్ట్ తీసేశాడు, పేజీ పేరు మార్చాడు. అయినా దొరికాడు.

"అన్నీ డిలీట్ చేసి అకౌంట్ మూసెయ్." ఆడిషన్‌కు వెళ్తే ఇన్‌స్టా లింక్ అడిగే రోజులివి. అకౌంట్ మూసేస్తే తిట్టినవాడికి పోయేదేమీ లేదు, అవకాశం పోయేది పిల్లకే. పైగా సాక్ష్యం కూడా పోతుంది. ముందు హ్యాండిల్, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయాలి, పోస్ట్ లింకు, ప్రొఫైల్ లింకు రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాతే బ్లాక్ చేయడం. ఒక్క జాగ్రత్త: పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల అశ్లీల చిత్రమైతే దాన్ని సేవ్ చేసుకోవద్దు, "చూడండి ఎంత ఘోరమో" అంటూ బంధువుల గ్రూపులోనూ వేయొద్దు. లింకు చాలు. అలాంటి చిత్రాలు సోషల్ మీడియాలో తిరగకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో ఎక్కడికీ అప్‌లోడ్ కాదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది.

"మన హీరోని అన్నాడు కదా, వాడి ఇంటి ఫోటో, నంబరు పెట్టేయండి." ఫ్యాన్ వార్‌లో దిగిన కుర్రాళ్లకు సీనియర్లు నూరిపోసేది ఇది. నిన్న బాధితుడైన పిల్లవాడు రేపు నిందితుడవుతాడు.

"పోలీసుల దాకా ఎందుకు, కూర్చుని సర్దుకుందాం." మేనేజర్లు, స్కూలు పెద్దలు, ఒక్కోసారి మేనమామలు కూడా అనే మాట. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసి ఫిర్యాదు చేయకపోవడమే పోక్సో చట్టం కింద నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. 2024 జులైలో ఒక యూట్యూబర్, అతని బృందం ఓ తండ్రి, చిన్నారి కూతురు ఉన్న వీడియో మీద లైవ్‌లో నీచంగా మాట్లాడారు. నటుడు సాయి దుర్గ తేజ్ ఊరుకోలేదు. రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులనూ ఉద్దేశించి ఎక్స్‌లో రాశారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, కొద్ది రోజుల్లోనే ప్రధాన నిందితుడు బెంగళూరులో అరెస్టయ్యాడు. ఆ వేడిలోనే మంచు విష్ణు అధ్యక్షుడిగా ఉన్న 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్), నటీనటులపై అసభ్య ట్రోల్ వీడియోలను 48 గంటల్లో తీసేయమని హెచ్చరించింది. దాని ఫిర్యాదుతో మొదట ఐదు యూట్యూబ్ చానళ్లు మూతపడ్డాయి. ఫిల్మ్‌నగర్ తలుచుకుంటే పని ఎంత వేగంగా జరుగుతుందో అందరం చూశాం. ఆ వేగం సభ్యత్వ కార్డు లేని పిల్లలకూ అందాలని నేను గట్టిగా కోరుతున్నాను. అంతవరకూ cybercrime.gov.inలో మహిళలు, పిల్లల కోసం ఉన్న విభాగంలో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉండనే ఉంది.

ఇక తల్లిదండ్రుల సొంత సలహా: "ఫోన్ లాక్కుంటే సరి." ఒకసారి లాక్కుంటే రెండోసారి పిల్ల మీకు చెప్పదు, బెదిరించేవాడికి కావాల్సిందీ అదే. ఫోన్ ఆమెదే. ఆ బూతులు మాత్రం మీరు చదవండి, స్క్రీన్‌షాట్లు మీరు తీయండి, స్టేషన్‌కు ఆమెతో మీరూ వెళ్లండి. నిద్ర, తిండి మానేసిందని గమనిస్తే అదే రోజు 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అది, రాత్రి ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు.