బొటనవేలిలో నిక్షేపాలు: కొత్తవారికి సూచనలు

భూమిలో బొగ్గు పేరుకోవడానికి కోట్ల ఏళ్లు పట్టింది. సింగరేణి దాన్ని 1889 నుంచి తవ్వుతూనే ఉంది. మీ బొటనవేలి కీలులో యూరేట్ స్ఫటికాలు పేరుకోవడానికి అంత ఓపిక అక్కర్లేదు, కొన్నేళ్ల శ్రద్ధ చాలు. గోదావరిఖనిలో ఉంటే సగం పని ఎండే చేసిపెడుతుంది.

ముడిసరుకు మీలోనే ఉంది. ఒంట్లో కణాలు పాతబడినా, తిన్న మాంసం అరిగినా ప్యూరిన్లు విరిగి యూరిక్ యాసిడ్ తయారవుతుంది. చాలా జంతువులకు దాన్ని ఇంకా విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంది. మన వానర పూర్వీకులు దాన్ని ఎప్పుడో పోగొట్టుకున్నారు. అందుకే మూడింట రెండు వంతుల భారం కిడ్నీల మీద పడింది. వాటి పని చెడగొట్టడమే మన పాఠం.

మే నెలలో ఓపెన్‌కాస్టుకు ఫస్ట్ షిఫ్టు వెళ్లేటప్పుడు నీళ్ల సీసా ఇంట్లోనే మరిచిపోండి. మూత్రం ముదురు పసుపు తిరగాలి. దాహాన్ని షిఫ్టు దిగాక బీరుతో తీర్చుకోండి: అందులో ప్యూరిన్లూ ఉన్నాయి, ఆల్కహాలు కిడ్నీకి అడ్డూ పడుతుంది, ఒకే ధరకు రెండు లాభాలు. దసరాకు లాభాల వాటా పడితే యాటకూరతో ఆగకండి, కార్జం, బోటి కూడా వండించండి. మందు తాగనివాళ్లు దిగులుపడొద్దు, తీపి కూల్‌డ్రింకుల్లోని ఫ్రక్టోజు ఉంది.

రక్తంలో డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటాక యూరేటు (యూరిక్ యాసిడ్ లవణం) కరిగి ఉండటం కష్టం. చల్లని చోట ముందు గడ్డకడుతుంది కాబట్టి కాలి చివరంటే దానికి ఇష్టం. దాటిన ప్రతివాళ్లకీ నొప్పి రాదు, వట్టి అంకె చూసి గోలీ మింగాల్సిన పనీ సాధారణంగా ఉండదు. నొప్పి వచ్చేంత అదృష్టం అందరికీ పట్టదు. పట్టినవాడికి అర్ధరాత్రి వేలు ఎర్రగా ఉబ్బుతుంది, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతుంది. తెల్లారితే బూటు ఎక్కదు, మస్టరు పడదు. దీని పేరే గౌట్.

నేర్పు కావాల్సింది ఇప్పుడే. మెడికల్ షాపులో నొప్పి గోలీలు అడిగి తెచ్చుకుని కిడ్నీలకు ఇంకో దెబ్బ వేయండి. ఆ వారమే రక్తపరీక్ష చేయించండి. నొప్పి భగ్గుమన్నప్పుడు అంకె నార్మల్‌గా రావచ్చు, ఆ కాగితం జేబులో పెట్టుకుని "నాకు గౌట్ లేదు" అని తిరగండి. నొప్పి తగ్గిన రెండు వారాలకు మళ్లీ చేయించమన్న డాక్టరుకు కనపడకండి. నేరమంతా పప్పు మీద, పాలకూర మీద వేయండి. వాటిలో ప్యూరిన్లున్నా గౌట్‌ను పెంచినట్టు పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. కానీ బీరు సీసా మానడం కంటే పప్పు మానడం సులువు గదా.

అల్లోప్యూరినాల్ రాస్తే మరీ జాగ్రత్త. అది 1966 నుంచి వాడుకలో ఉన్న మందు. దాని వెనకున్న గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ కూడా వచ్చింది. రోజూ వేసుకుంటే నిక్షేపమంతా కరిగిపోయే ప్రమాదం ఉంది. మొదటి నెలల్లో పాత స్ఫటికాలు కదిలి నొప్పి తిరగబెట్టవచ్చు. వెంటనే "ఈ మందు నాకు పడలేదు" అని విసిరేయండి. (ఒంటి మీద దద్దుర్లు లేస్తే మాత్రం ఆపేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇందులో వెటకారం లేదు.) నొప్పి పూర్తిగా పోయిందా, మరీ మంచిది, డబ్బాను అటకెక్కించండి. ఇంకొన్నేళ్లకు మోచేతి మీద, చెవి డిప్ప మీద సుద్దలాంటి గడ్డలు తేలతాయి. కిడ్నీలో రాయి కోసం విడిగా కష్టపడక్కర్లేదు, అదీ ఈ ప్యాకేజీలోనే రావచ్చు.