సంచుల బాబాయి

పాపికొండల బోటు పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది. టిఫినూ భోజనమూ టిక్కెట్టులోనే. మనిషికి కావలసిందల్లా ఓ తువ్వాలు, ఓ నీళ్ళసీసా, ఎండకి టోపీ. ఇదంతా బాబాయికి తెలియక కాదు. తెలిసే నాలుగు సంచులు సర్దుతాడు.

ఇలాంటి బాబాయి లేని కుటుంబం ఉండదు. కొన్నిచోట్ల మేనమామ రూపంలోనూ, కొన్నిచోట్ల రిటైరైన హెడ్మాస్టరు గారి రూపంలోనూ వెలుస్తుంటాడు. ఆనవాలు పట్టడం తేలిక. ప్రయాణం ఇంకా వారం ఉందనగా ఏదో పాత శుభలేఖ వెతికి, దాని వెనకవైపు ఖాళీలో జాబితా మొదలుపెడతాడు. ఎవరో చి.ల.సౌ. పెళ్ళి ముహూర్తం వీపు మీద జండూబామ్, టార్చిలైటు, పిన్నీసులు, నైలాను తాడు, దోమల బత్తి వరసగా దిగుతాయి. పట్టపగలు గోదారి నడిమధ్యన దోమల బత్తి ఎందుకని మాత్రం అడక్కూడదు. అడిగారో, బోటు చెడిపోయి రాత్రంతా అక్కడే ఉండిపోవలసి వస్తే ఏం చేస్తావన్న కథ మొదలవుతుంది. ఆ కథలో ఎప్పుడూ అమావాస్యే. అందుకే టార్చిలైటు.

జాబితా ఆయనది, సర్దడం పిన్నిది.

"ఏవండీ, రెండు లుంగీలెందుకు?"

"ఒకటి తడిస్తే?"

"కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎందుకు తడుస్తారండీ?"

"తడపనని గోదారి నీకు కాగితం రాసిచ్చిందా?"

పిన్ని ఇంక మాట్లాడదు. మూడో లుంగీ కూడా తెచ్చి సంచిలో పడేస్తుంది. వాదన కంటే లుంగీ తేలిక.

తిండి సంచి సంగతి వేరే చెప్పాలి. బోటువాళ్ళు భోజనం పెడతారు నిజమే, కానీ వాళ్ళ పప్పులో ఉప్పుంటుందో ఉండదో. కాబట్టి పులిహోర, దద్ధోజనం, జంతికలు, మాగాయ. మాగాయ సీసా మూత బిగించి, మీద ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు చుట్టి, ఇంకో కవరులో దూర్చి, పాత బనీను గుడ్డలో మూట కడతాడు. ఈ ఒక్క పనీ పిన్ని చేతికి ఇవ్వడు. ఇంత చేసినా మర్నాటికి నూనె బనీను గుడ్డ దాకా వచ్చేసి ఉంటుంది. పోలవరం దగ్గర గోదారికి అడ్డంగా కాఫర్ డ్యాం కట్టిన ఇంజనీర్లని పిలిపించినా మాగాయ నూనెని ఆపలేరు.

ఆ కట్టడం వల్లే, ఒకప్పుడు పట్టిసీమ వైపు నుంచి ఎక్కే బోటుని ఇప్పుడు ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. రాజమండ్రి నుంచి అక్కడిదాకా బస్సు. దారి పెరిగిందని అందరూ విసుక్కుంటే బాబాయి ఒక్కడే సంతోషించాడు. బస్సుకి డిక్కీ ఉంటుందిగా.

ఆయన భయాల్లో ఒక్కదానికి మాత్రం నేను నవ్వను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎంతోమంది పోయారు. బోటెక్కగానే అందరికంటే ముందు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, పట్టీలు బిగించుకుని, "సెల్ఫీ కోసమని విప్పకండర్రా" అని కుర్రాళ్ళని కేకలేసే మనిషి ఒకడు ప్రతి బోటులోనూ ఉండాలి. ఆ ఒక్క సామానూ ఆయన ఇంటినుంచి తేలేదు. తేవాలని ప్రయత్నించాడు గానీ ఆయన సైజుది దొరకలేదు.

ఇన్నీ ఆయన తనకోసం మోస్తున్నాడనుకుంటే పొరపాటే. తనకి తలనొప్పి వస్తే మందు వేసుకోడు, ఓర్చుకుంటాడు. ఈ సరంజామా అంతా ముక్కూ మొహం తెలియని తోటి ప్రయాణికుల కోసం. బోటులో ఎవరికో ఒకరికి కడుపునొప్పి రావాలి. ఎవరి చెప్పుకో ఉంగటం తెగాలి. ఎవరి పిల్లాడో మోకాలు చెక్కుకోవాలి. అప్పుడు బాబాయి "ఉండండుండండి" అంటూ నింపాదిగా లేచి, తాళం తీసి, జిప్పు లాగి, కావలసింది చేతికందించి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కూర్చోవాలి. ఆ క్షణం కోసమే నాలుగు సంచులు. ఒక్కరికీ ఏ ఇబ్బందీ రాకుండా గడిచిన ప్రయాణం నుంచి ఆయన దిగాలుగా ఇల్లు చేరతాడు.

ఈసారి ఇబ్బంది రానే వచ్చింది. కానీ బాబాయి అప్పటికి నిద్రలో ఉన్నాడు.

బోటు ఊగి వాంతులవుతాయని బస్సులోనే అవోమిన్ మాత్ర మింగాడు. అది వాంతుల్ని ఆపుతుంది, మనిషిని పడుకోబెడుతుంది కూడా. గోదారి ఆవేళ పళ్ళెంలో పోసిన పాలలా కదలకుండా ఉంది. కొండలు రెండువైపుల నుంచీ దగ్గరకొచ్చి నది సన్నబడే చోట అందరూ రెయిలింగు దగ్గరకి పరిగెత్తారు. బాబాయి లైఫ్ జాకెట్టులోకి గడ్డం దింపుకుని గుర్రు పెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఓ అమ్మాయికి డ్రెస్సు భుజం దగ్గర కుట్టు ఊడింది. వాళ్ళమ్మ కంగారుగా మా సంచుల వైపు చూసింది.

పిన్నీసుల డబ్బా రెండో సంచిలో ఉంది. సంచికి తాళం. తాళంచెవి బాబాయి మొలతాడుకి. మొలతాడు చొక్కా కింద, చొక్కా లైఫ్ జాకెట్టు కింద. పిన్ని ఓసారి ఆయన్ని చూసి, పుస్తెలతాడుకి తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చేసింది.

పేరంటపల్లి రేవులో కుదుపుకి మెలకువ వచ్చింది. శివుడి గుడికి మెట్లెక్కాడు, దణ్ణం పెట్టుకున్నాడు, దిగి వచ్చేటప్పుడు అక్కడ అమ్మే వెదురు పువ్వులు ఓ గుత్తి కొన్నాడు. తిరుగుదారిలోనైనా కొండలు చూడొచ్చు. చూడలేదు. వెదురు పువ్వులు విరక్కుండా పెట్టాలంటే మూడో సంచి మొత్తం తీసి మళ్ళీ సర్దాలి. పులిహోర గిన్నె మూత తీయకుండానే తిరిగొస్తోంది, దాన్నెక్కడ పెట్టాలన్నది ఇంకో చిక్కు. పిన్నీసు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్తే వచ్చేసారి మొలతాడుకి నకలు తాళంచెవి కూడా కడతాడు.

మొన్న మాటల్లో గంగా విలాస్ ప్రస్తావన వచ్చింది. 2023 జనవరిలో వారణాసిలో బయల్దేరిన ఓడ. బంగ్లాదేశ్ మీదుగా అస్సాంలో డిబ్రూగఢ్ దాకా 51 రోజులు, సుమారు 3,200 కిలోమీటర్లు. 18 గదులు, 36 మంది ప్రయాణికులు. టిక్కెట్టు లక్షల్లో అనగానే అందరం ఆ మాట వదిలేశాం. బాబాయి వదల్లేదు. పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేస్తున్నాడు.

"రెండొందల నాలుగు," అంది పిన్ని వంటింట్లోంచి.

"అన్నెందుకే, మరీను," అని కొట్టిపారేసి, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఆ గదుల్లో మంచం కింద జాగా ఎంతుంటుందో కాస్త కనుక్కో."