గురువారం మందు

నా రంగు పసుపు. గడపకు రాసే పసుపంత నిండుగా ఉండదు, కాస్త పలచన. మాత్రగా ఉన్నా, సెలైన్‌లో కలిపే ఇంజెక్షన్‌గా ఉన్నా ఆ రంగు నన్ను వదలదు. నా పేరు మెథోట్రెక్సేట్. రాజమహేంద్రవరంలో ఒక ఆస్పత్రి, పిల్లల కేన్సర్ వార్డు, మందుల ట్రాలీలో పై అర. ప్రస్తుతం నేనుండేది అక్కడ.

ఆ రోజు ట్రాలీ పక్కనే డాక్టరమ్మ ఒక తల్లితో మాట్లాడుతోంది. కోటిపల్లి రేవు అవతల లంక నుంచి వచ్చిందా తల్లి. కొబ్బరి పీచు పనికి వెళ్ళి కాయలు కాసిన చేతులు. భర్త కువైట్‌లో. ఒళ్ళో ఎనిమిదేళ్ళ కూతురు. పిల్లకు మెడ పక్కన బిళ్ళలు కట్టాయి. గవదలనుకుని పసరు రాశారు. తరవాత దగ్గు, పడుకుంటే ఆయాసం. స్కానింగులో ఛాతీ లోపల గడ్డ కనబడింది. ముక్క పరీక్షలో లింఫోమా అని తేలింది. అందులో లింఫోబ్లాస్టిక్ రకం, రక్త కేన్సర్‌కు తోడబుట్టినది.

"వైద్యం ఎలాగూ మొదలుపెడతామమ్మా. ఇంకో సంగతి చెప్పాలి. ఇందులో ఒక మందు ఇప్పుడిచ్చే రోజుల కంటే తక్కువ రోజులిచ్చినా జబ్బు అంతే తగ్గుతుందా, ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయా అని ఒక ట్రయల్ నడుస్తోంది. మీరు ఒప్పుకుంటేనే పాపను చేరుస్తాం."

తల్లి చేయి కూతురి భుజం మీద బిగిసింది. "అంటే మా పిల్ల మీద ప్రయోగం చేత్తారాండీ?"

ఆ మాట నాకు కొత్త కాదు. నేను పుట్టింది ఆ మాటలోంచే. నోరుంటే ఆమెకు నా కథ చెప్పేదాన్ని.

నా పుట్టిల్లు అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్ ఊళ్ళో ఉన్న లెడర్లీ ప్రయోగశాల. అయితే అక్కడ పరిశోధనకు పెద్ద దిక్కు ఈ గోదావరి బిడ్డే. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడో ఏట ఇల్లు వదిలి, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని బతుకుదామని బయల్దేరారు. ఇంటివాళ్ళు వెనక్కి తెచ్చారు. రాజమండ్రి చదువు అచ్చిరాలేదు. మద్రాసు వెళ్ళి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు. వైద్యం చదివే రోజుల్లో ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టనబెట్టుకుంది. ఆ దుఃఖం మోసుకునే ఆయన సముద్రం దాటారు. మామగారి సాయానికి తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఉంది. బోస్టన్‌లో పగలు హార్వర్డ్ చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ పసివాడి ముఖం ఆయన చూడలేదు. మళ్ళీ ఈ నేల మీద అడుగు పెట్టనూ లేదు.

ఆయన పెంచిన ఇంట్లో మేం చాలామందిమి. మా పెద్దక్క ఫోలిక్ యాసిడ్. అక్క పుట్టుక వెనక మన దేశపు ఆడవాళ్ళున్నారు. 1928 తరవాత లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి నేతమిల్లుల గర్భిణుల్లో రక్తహీనత చూసి, ఈస్టు సారంతో అది తగ్గుతోందని గమనించింది. ఆ సారంలో దాగిన పదార్థమే ఫోలేట్. తోటకూరలో, పాలకూరలో ఉండే ఆ పోషకాన్ని 1945 నాటికి లెడర్లీ బృందం కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకూ అది పనిచేసింది. ఆయన అన్నదమ్ములకు మాత్రం అందలేదు. ఇప్పుడు ఈ డెల్టాలో ఆశా కార్యకర్తలు గర్భిణులకు పంచే ఐరన్ మాత్రలో కలిసున్నది మా అక్కే. బోదకాలు రాకుండా ఊరూరా మింగించే డి.ఇ.సి. మాత్ర కూడా మా ఇంటిదే. 1947లో హెట్రజాన్ అన్న పేరుతో పుట్టింది. ఈ కాలువ గట్ల మీద బోదకాలు ఎందరి నడకను ఆపిందో ఎరిగిన మనిషి ఇంట్లో అది పుట్టడం నాకు గర్వం.

నేనూ, నాకంటే ముందున్న అన్న అమినోప్టెరినూ అక్క పోలికతో పుట్టినవాళ్ళం. పోలికే గాని గుణం తిరగబడింది. కణం రెండుగా చీలాలంటే ఫోలేట్ కావాలి. దాన్ని పనికొచ్చే రూపానికి మార్చే ఎంజైము ఒకటుంది. ఆ ఎంజైము నన్ను చూసి అక్కే అనుకుని పట్టుకుంటుంది, ఇక వదలదు. డెల్టా రైతుకు అర్థమయ్యేలా చెబితే నేను లాకుల దగ్గర దింపిన తలుపుని. కాలువ కట్టేస్తే గుర్రపుడెక్కా ఎండుతుంది, చేలో వరీ వాడుతుంది. పెరిగే తొందర ఎవరికి ఎక్కువో వాళ్ళకి దెబ్బ ముందు తగులుతుంది. కేన్సర్ కణానికి ఆ తొందర ఎక్కువ.

బోస్టన్ పిల్లల ఆస్పత్రి నేలమాళిగలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కేన్సర్ పిల్లలకు అక్క వర్గం మందులిచ్చి చూస్తే జబ్బు ఇంకా ఎగిసింది. పోసేది చెరుపు చేస్తే ఆపేది మేలు చేస్తుందేమోనని ఆయనకు తట్టింది. సుబ్బారావు గారి బృందం ఫోలేట్‌కు అడ్డుపడే మందులు ఒకదాని వెంట ఒకటి పంపింది. 1947 డిసెంబరు ఆఖరి వారంలో అన్న ఒక రెండేళ్ళ బాబు ఒంట్లోకి వెళ్ళాడు. తెల్లకణాల లెక్క దిగింది. మంచం దిగని బిడ్డ లేచి ఆడుకున్నాడు. మొత్తం 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో మేలు కనిపించింది.

ఆ ఫలితాలను 1948 జూన్ 3న వైద్య పత్రికలో అచ్చు వేసినప్పుడు శీర్షికలోనే 'తాత్కాలిక' అన్న మాట పెట్టారు. జబ్బు తగ్గినట్టే తగ్గి, నెలల్లో తిరగబెట్టింది. ఆ బాబూ దక్కలేదు. పది మందిలో కనిపించిన మేలును, అది నిలవలేదన్న సంగతిని పక్కపక్కనే రాశారు గనకే తరవాతి వైద్యుడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి పోయారు. 53 ఏళ్ళు. మా పెంపకంలో మిగిలిన పాలు ఆ పిల్లలదే.

వాళ్ళను అడిగి ఇచ్చారా అని ఎవరైనా అడిగితే నేను తల దించుకోవాలి. ఇప్పటిలాంటి అనుమతి పత్రాలు, ఎథిక్స్ కమిటీలు అప్పట్లో లేవు. మనిషి తెలిసి ఒప్పుకోనిదే అతని మీద ప్రయోగం చేయరాదని నాజీ వైద్యుల మీద న్యూరెంబర్గ్ తీర్పు చెప్పింది కూడా ఆ 1947లోనే, ఆగస్టులో. ఆ మాట ఆస్పత్రి మంచం దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. మన తెలుగు నేల మీద కూడా గాయముంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక టీకా అధ్యయనంలో హాస్టల్ ఆడపిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి పార్లమెంటరీ కమిటీ దాకా వెళ్ళింది. లంక తల్లి భయానికి వెనక ఇంత ఉంది. అది అజ్ఞానం కాదు, జ్ఞాపకం.

ఆ గాయాల మీదే కట్టుబాట్లు పెరిగాయి. 2009 జూన్ నుంచి ట్రయల్‌ను ముందుగా జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. వివరించి అనుమతి అడిగే తీరును వీడియో తీయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు రాశాయి.

నా మిగతా బతుకంతా ట్రయళ్ళే. అన్నలో విషం పాలు ఎక్కువని తేలి, 1950లలో నేను ముందుకొచ్చాను. 1956లో గర్భసంచిలో మావి కణాల నుంచి పుట్టే కొరియోకార్సినోమాను పూర్తిగా తగ్గించాను. గడ్డగా పెరిగే కేన్సర్ మందులతో నయమవడం అదే మొదలు. తూర్పు ఆఫ్రికాలో దవడలుబ్బిన బర్కిట్ లింఫోమా పిల్లల దగ్గరికి వెళ్ళాను. ఒంటరిగా ఎవరమూ గెలవమని, నాలుగు మందుల్ని వరసలో నిలబెట్టాలని ట్రయల్ మీద ట్రయల్ నేర్పింది. మన దేశంలో 1980లలో ముంబై టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్, మన డెల్టా జనం రైలెక్కి వెళ్ళే చెన్నై అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఎం.సి.పి. 841 అనే ఒకే పద్ధతిలో పిల్లలకు వైద్యం చేసి లెక్క కట్టాయి. ఆ వరసలో నేనూ ఉన్నాను. 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19, రోగి సొంత తెల్లకణాలకే కేన్సర్ కణాన్ని గుర్తుపట్టడం నేర్పి తిరిగి ఎక్కించే వైద్యం, ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ చేతుల మీదుగా ట్రయల్ దాటే వచ్చింది. లొంగని కొన్ని లింఫోమాలకు అదొక ఆశ.

నా దోషాలు దాచను. నోరు పూస్తాను. రక్తం కౌంటు పడేస్తాను. పెద్ద మోతాదులో ఎక్కించినప్పుడు గంటలు లెక్కపెట్టి ల్యూకోవోరిన్ అనే మందుతో మళ్ళీ నీరు వదలకపోతే చేను మొత్తం పోతుంది. ఇంటి దగ్గర వేసుకునేటప్పుడు నేను వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగితే ప్రాణం తీస్తాను. ఆ సంగతి కూడా రోగులు బాధపడితేనే తెలిసింది.

ట్రాలీ పక్కన డాక్టరమ్మ ఇదంతా చెప్పలేదు. కొంచెమే చెప్పింది. "ఇప్పుడు పాపకిచ్చే మందుల్లో ఒకటి మన భీమవరం ఆయన సుబ్బారావు గారి పరిశోధనలోంచి వచ్చిందమ్మా. అదీ ఒకప్పుడు పిల్లల మీద ట్రయలే."

"మన భీమారమేనాండీ?" తల్లి ముఖం కాస్త తేటపడింది. వెంటనే అడిగింది. "మరి మొదట ఏసుకున్న ఆ పిల్లలు బతికారాండీ?"

డాక్టరమ్మ ఆలోచించుకోలేదు. "నిలబడలేదమ్మా. వాళ్ళ లెక్క చూసి తరవాతి వాళ్ళని నిలబెట్టారు."

తల్లి చాలాసేపు అనుమతి కాగితం వంక చూసింది. కువైట్‌కు ఫోను చేసింది. మధ్యలో మానేయొచ్చా అని అడిగింది. ఎప్పుడైనా మానేయొచ్చు, వైద్యం మటుకు ఆగదు అంది డాక్టరమ్మ. రెండో రోజు "ఆయ్, అలాగేనండి" అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

అప్పుడు డాక్టరమ్మ పాప వైపు తిరిగింది. ఏడేళ్ళు దాటిన పిల్లను నోటిమాటగానైనా అడగాలన్నది ఇప్పటి నియమం. "నీకిష్టమేనా అమ్మలూ?"

"సూదులు ఎక్కువ పొడుస్తారా?"

"రక్తం కోసం ఇంకో రెండు మూడుసార్లు."

పాప వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "సరే" అంది.

అది జరిగి ఏడాది దాటింది. పాప ఇప్పుడు లంకలోనే ఉంటోంది, బడికి వెళుతోంది. పడవలో గోదారి దాటొచ్చి కౌంటు చూపించుకు వెళుతుంది. నా పేరు ఆమె నోరు తిరగదు, 'గురువారం మందు' అంటుంది. క్యాలెండరులో గురువారాలకు పెన్సిల్‌తో సున్నా చుట్టి, నన్ను మింగాక దాన్ని కొట్టేస్తుంది. ట్రయల్ లెక్క ఇంకా తేలలేదు. ఇంకా చుట్టని గురువారాలు చాలా ఉన్నాయి. 1947లో ఆ రెండేళ్ళ బాబు దగ్గరికి అన్న వెళ్ళినప్పుడు వాడికి చెప్పడానికి మాటలు రావు, అడిగినవాళ్ళూ లేరు. ఈ పాపను అడిగారు. ఆమె 'సరే' అన్న మాట విన్నాకే నేను ట్రాలీ దిగాను.