సైలెన్సర్ గొట్టంలో సాక్షి

ఇంజన్‌కీ సైలెన్సర్‌కీ మధ్య గొట్టంలో మూతి దూర్చుకుని కూర్చునే ఆక్సిజన్ సెన్సార్‌ని నేను. బొటనవేలంత ఒళ్లు. లోపల జిర్కోనియా పింగాణీ, దానికి రెండు పక్కలా పలచటి ప్లాటినం పూత. ఒక పక్క బయటి గాలి, రెండో పక్క కాలిన పొగ. పొగలో ఆక్సిజన్ మిగల్లేదంటే పెట్రోలు ఎక్కువైందని లెక్క, 0.9 వోల్టుల దాకా లేస్తాను. ఆక్సిజన్ మిగిలిపోతే 0.1కి దిగిపోతాను. ఒళ్లు 300 డిగ్రీలు కాగితే గానీ నాకు నోరు పెగలదు.

మా వంశం 1976లో మొదలైంది. జర్మనీలో బాష్ వాళ్లు తయారుచేస్తే, స్వీడన్‌లో వోల్వో కార్లు ముందుగా ఎక్కించుకున్నాయి. సీసం కలిపిన పెట్రోలంటే మాకు గిట్టదు, ప్లాటినాన్ని చంపేస్తుంది. 2000 ఫిబ్రవరి నుంచి ఈ దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చాక మా బతుకు తేలికపడింది. నేనెక్కిన చిన్నకారు 2003 నాటిది. బెజవాడలో రిటైరైన ఒక లెక్కల మాస్టారిది.

కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి, ఇదీ ఇంజన్‌కి సరైన పాళ్లు. పెట్రోలు ఎక్కువైందని నేనంటే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, తగ్గిస్తాడు, తక్కువైందంటే పెంచుతాడు. అందుకే ఆరోగ్యంగా ఉన్న బండిలో నేను ఒకచోట నిలవను, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాను.

ఆ వర్షాకాలం ఊగడం ఆగిపోయింది. 0.9 దగ్గరే ఉండిపోయాను. ఈసీయూ తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. వాడికీ ఒక హద్దుంది. అది దాటాక చేతులెత్తేసి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగించాడు. మైలేజీ పడిపోయింది. ప్లగ్గులు మసిబొగ్గులయ్యాయి. పొల్యూషన్ చెకింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం లోపు ఉండాలట, ఎక్కడుంటుంది?

ఆటోనగర్‌లో ఒక కుర్ర మెకానిక్ స్కానర్ పెట్టాడు. మిక్స్చర్ రిచ్ అని వచ్చింది. "ఆక్సిజన్ సెన్సార్ పోయిందండీ మాస్టారూ" అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పినందుకు నాకు శిక్ష! అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. 22 నంబర్ స్పానర్‌తో నన్ను విప్పి, న్యూస్‌పేపర్‌లో చుట్టి డ్యాష్‌బోర్డు పెట్టెలో పడేశారు. నా కుర్చీలో కూర్చున్న కొత్తవాడు ఒళ్లు కాగగానే ఏం చెప్పాడు? 0.9. ఆ కాగితంలో ఉండి నేను నవ్వుకున్నానంటే తప్పు పట్టకండి.

తర్వాత దొరికాడు ఒక పాత మేస్త్రీ. బానెట్ ఎత్తకుండానే అడగడం మొదలెట్టాడు.

"ఎప్పుడు మొరాయిస్తోంది మాస్టారూ?"

"పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుందయ్యా. దారిలో టీకి ఆగి మళ్లీ తాళం తిప్పితేనే ఏడిపిస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి తిప్పితే నల్లటి పొగ కక్కి లేస్తుంది."

మేస్త్రీ తలూపాడు. "ఒరేయ్, ఈ కొత్తది డూప్లికేట్ సరుకులా ఉంది. పాతదే బిగించు" అని కుర్రాడికి చెప్పి, నా తీగకి మల్టీమీటర్ తగిలించి, నడుస్తున్న ఇంజన్ మీద ఒక ఇంజెక్టర్ కనెక్టర్ పీకేశాడు. ఆ సిలిండర్‌లో గాలి కాలకుండా వచ్చి నా మొహాన కొట్టింది. వెంటనే 0.1కి పడిపోయాను. "ఇది బతికే ఉందిరా. అబద్ధమాడట్లేదు."

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. నాకు పెట్రోలు తెలియదు, ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. ప్లగ్ మిస్సయినా, నాకు ముందు గొట్టానికి చిల్లు పడినా పెట్రోలు తక్కువైందనే అంటాను. నా మాట విని ఈసీయూ ఇంకా పోస్తాడు. అందుకని నన్ను ఒక్కదాన్నే నమ్మే మెకానిక్ కూడా ప్రమాదమే.

తర్వాత మేస్త్రీ ఇంజన్ వేడిని చెప్పే కూలెంట్ సెన్సార్‌ని చూశాడు. చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ రెండు మూడు వేల ఓములు, ఇంజన్ కాగాక మూడొందల దగ్గర. అది సరిగ్గానే ఉంది. దాని తీగ ఊడితే కొందరు ఈసీయూలు ఇంజన్ మైనస్ 40 డిగ్రీల చలిలో ఉందనుకుని పెట్రోలు కుమ్మరిస్తారు. బెజవాడలో మైనస్ 40!

అప్పుడు మేస్త్రీ చెయ్యి ఇంజెక్టర్ల రైలు చివరున్న డబ్బీ మీదికి వెళ్లింది. ప్రెషర్ రెగ్యులేటర్. దాని నెత్తిన వేలెడు సన్నపు రబ్బరు గొట్టం, రెండో కొస మానిఫోల్డ్‌లోకి. ఆ గొట్టంలో గాలి లాగుడు తప్ప ఏమీ ఉండకూడదు. పీకి, కొసని చూపుడువేలి మీద తట్టాడు. చుక్క పడింది. వేలి మీద జారి, చూస్తుండగానే ఆరిపోయింది. వాసన చూసి ఆ వేలు మాస్టారి ముక్కు దగ్గర పెట్టాడు.

"పెట్రోలే!" అన్నారు మాస్టారు.

లోపలి డయాఫ్రం చిరిగింది. రెండున్నర మూడు బార్ల ఒత్తిడిలో ఉన్న పెట్రోలు ఇంజెక్టర్లతో పని లేకుండా దొడ్డిదారిన ఇంజన్‌లోకి పోతోంది. ఇంజెక్టర్లని ఎంత కట్టేసినా ఈసీయూ ఏం చేయగలడు? టీకి ఆగినప్పుడు రైల్లో మిగిలిన ఒత్తిడికి ఆ చిరుగులోంచే ఊరి మానిఫోల్డ్ నిండా ఆవిరి. తెల్లారేసరికి అది ఆరిపోతుంది, అందుకే పొద్దున్న పేచీ లేదు. బండి రోగ లక్షణాలు మాస్టారికి మొదటిరోజు నుంచీ తెలుసు, అడిగినవాడు లేడంతే.

రెగ్యులేటర్, గొట్టం మార్చారు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్‌లోనూ పెట్రోలు వాసన, అదీ మార్చారు. బ్యాటరీ టెర్మినల్ విప్పి ఈసీయూ నేర్చుకున్న తప్పుడు లెక్కలు చెరిపేశారు. స్టార్ట్ చేశాక కాసేపటికి నేను ఊగడం మొదలెట్టాను.

మేస్త్రీ కిందికి వంగి నా వెనకున్న కేటలిటిక్ కన్వర్టర్‌ని తట్టి చూశాడు. కాలని పెట్రోలంతా ఇన్నాళ్లూ దాని పొట్టలోనే మండింది.

"ఇది దెబ్బతిందో లేదో నడిపితే తెలుస్తుంది మాస్టారూ. పికప్ తగ్గితే మార్చాలి."

"ఎంతవుతుందేంటి?"

మేస్త్రీ చెప్పాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, "నడిపి చూద్దాంలే" అని తాళం తిప్పారు.