చలికి లొంగని కారం

మాది కట్టంగూర్. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటినాక, నకిరేకల్ రాకముందు తగులుతుంది. బస్సులో కునుకు తీయకుండా కూర్చుంటే కనబడుతుంది. ఇక్కడ ఏ బోరు కింద చూసినా గుంటో రెండు గుంటలో కూరగాయలు ఉంటాయి. నాలుగు పచ్చిమిరపకాయలు కావాలంటే గిన్నె పట్టుకుని గడప దాటితే చాలు, వాడకట్టులో ఎవరో ఒకరు గుప్పెడు పోస్తారు. అలాంటి ఊళ్ళో ఉంటూ పచ్చిమిరపకాయలను గడ్డకట్టించి దాచుకునే మనిషి, నాకు తెలిసి, నేనొక్కణ్ణే.

నా జబ్బు మిరపకాయ కాదు, చౌక. పొద్దుగూకే వేళ అంగడిలో, మిగిలిన సరుకు మళ్ళీ మోసుకుపోలేక ఎవరైనా "సారూ, మొత్తం తీస్కపోండ్రి, తోచినంత ఇయ్యిండ్రి" అన్నారంటే నా కాళ్ళు ముందుకు పడవు. మిరప ధర కోతకూలికి కూడా చాలని రోజులుంటాయి. అదే కాయ ఎండలు ముదిరాక పావుకిలో కొనాలన్నా బేరమాడిస్తుంది. ఈ రెండు ధరల మధ్య తేడాను ఫ్రిజ్‌లో పెట్టి దాచేయొచ్చు కదా అన్నది బడిలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన నాకు తట్టిన మహత్తర ఆలోచన. సంచి దించగానే మా ఇంట్లామె అడిగింది: "ఎవరింట్ల పెండ్లి?"

మిరపకాయ దాచడం మా ఇంట్లో కొత్తేమీ కాదు. అమ్మ కాయలకు గాట్లు పెట్టి, ఉప్పేసిన సల్లలో నానబెట్టి, డాబా మీద ఎండబెట్టి సల్లమిరపకాయలు చేసేది. పండిన కాయలైతే ఉప్పు, చింతపండు కలిపి దంచి జాడీకెత్తేది. ఏడాదంతా తొక్కు ఉండేది. నేను ఫ్రీజర్ సంగతి విడమరిచి చెబితే ఆమె ఓపిగ్గా విని, "నల్లగొండ ఎండ ఊకెనే వస్తది కదరా" అంది. నిజమే. ఇదే జిల్లాలో దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. అక్కడ బొగ్గు మండించి నీళ్ళు మరిగించి కరెంటు పుట్టిస్తే, ఆ కరెంటుతో నేను ఇక్కడ అంగడి మిరపకాయలకు చలి పుట్టిస్తాను. డాబా మీద ఎండ మాత్రం ఎవరికీ పనికిరాకుండా పోతుంటుంది. ఈ లెక్క ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు. నేనూ వేసి చూపించలేదు.

మొదట తొడిమెలు తీయాలి. సంచెడు కాయలకు ఉత్త చేతులతో తొడిమెలు తీసి, కొన్నింటిని నిలువునా చీల్చి, రాత్రికి ఎందుకు నిద్రపట్టడం లేదా అని ఆలోచించాను. వేళ్ళు భగభగ మండుతున్నాయి. మిరపలో మంటకు కారణమైన క్యాప్సైసిన్ గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. అది నీళ్ళకు కరగదు, నూనెకు కరుగుతుంది. ఈ సంగతి తెలిసిన నేనే నల్లా కింద చేతులు పెట్టి అరగంట కడిగాను. పైగా కన్ను నలుపుకున్నాను.

మన నరాల్లో 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటి ఉంది. మిరపకాయ సరిగ్గా దాన్నే తట్టి, నిప్పు లేకుండానే నిప్పంటుకుందని మెదడుకు కబురు పంపిస్తుంది. దాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అంత గొప్ప నొప్పిని ఊరికే అనుభవించడం ఎందుకని అర్ధరాత్రి ఇంట్లామెను లేపి ఇదంతా చెప్పాను. "ఆయనకు నోబెల్ ఇచ్చిండ్రు, మీకు కొబ్బరినూనె ఇస్త, పట్టుండ్రి" అని సీసా చేతిలో పెట్టి అటు తిరిగి పడుకుంది. నూనె రాసి, ఆపైన సబ్బుతో కడిగితే మంట తగ్గింది. నోబెల్ సంగతి ఎత్తకుండా ఉంటే ఇంకొంచెం ముందే తగ్గేది.

కడిగిన కాయలను తడి ఆరకుండానే ఒకే కవర్లో కుక్కి ఫ్రీజర్‌లోకి తోశాను. తెల్లారి చూస్తే అన్నీ కలిసి ఒకే గడ్డ. నాలుగు కాయలు కావాలంటే మొత్తం కరగాలి. మాది ఒక్క తలుపు ఫ్రిజ్. దాని ఫ్రీజర్ గోడలకు మంచు దానంతటదే పేరుకుంటుంది. కవర్ ఒక పక్క ఆ మంచులో కూరుకుపోయింది. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరాను. ఆ మంచు వెనకే గ్యాసు గొట్టం ఉంటుంది, దానికి చిల్లు పడితే ఆదా చేసిందంతా మెకానిక్ జేబులోకి పోతుంది. ఆ మాట నాకు గుర్తొచ్చే లోపల స్క్రూడ్రైవర్ ఇంట్లామె చేతిలోకి పోయింది.

పద్ధతి వేరే ఉందని తర్వాత తెలిసింది. కాయలను గుడ్డతో పొడిగా తుడిచి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టాలి. గట్టిపడ్డాక గాలి తీసిన కవర్లో వేసుకుంటే ఎన్ని కావాలంటే అన్నే విడిగా వస్తాయి. ఇంతదాకా బాగానే ఉంది.

ఇక ఒక ముసురు సాయంత్రం మా బామ్మర్ది వచ్చాడు. అంగడిలో బజ్జీలకు లావు మిరపకాయలు దొరకని రోజులు. "మన దగ్గర లేకపోతే కదా" అని నేను ఫ్రీజర్ తలుపు తీశాను. కాయలు బయట పెట్టిన కాసేపటికి తడిసిన వత్తుల్లా పళ్ళేనికి అతుక్కుపోయాయి. పచ్చిమిరపలో పదింట తొమ్మిది వంతులకు అటూఇటూగా నీరే. గడ్డకడితే నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై కణాల గోడలను చీల్చేస్తాయి. కరిగాక కాయకు నిలబడే సత్తువ ఉండదు. అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్ ఐ లాబ్రడార్ మంచు ప్రాంతంలో ఇన్యూట్‌లు పట్టిన చేపలు క్షణాల్లో బిగుసుకుపోవడం చూసి, 1920లలో వేగంగా గడ్డకట్టించే పద్ధతిని వ్యాపారంలోకి తెచ్చాడు. పలుకు ఎంత చిన్నదైతే కాయ అంత క్షేమం. మా ఫ్రిజ్ లాబ్రడార్ కాదు. అందులో మనవడు గంటకోసారి ఐసుక్రీము వెతుకుతాడు.

శనగపిండి ఆ తడికాయలకు అంటుకోలేదు. అంటుకున్నంత మేరకు బామ్మర్ది ఎదుటే మూకుడులో వేశాను. నీళ్ళు, కాగిన నూనె కలిస్తే ఏమవుతుందో ఎనిమిదో తరగతికి నేనే చెప్పేవాణ్ణి. ఇంట్లామె మూత పట్టుకుని, నేను తలుపు చాటున నిలబడి, ఇద్దరం కలిసి వంట ముగించాం. ప్లేట్లోకి పిండి వేరుగా, మిరపకాయ వేరుగా వచ్చాయి. బామ్మర్ది పిండి తిన్నాడు.

కారం మాత్రం ఎక్కడికీ పోదు. చలికి క్యాప్సైసిన్ చెడదు. అందుకే పప్పులోకి, టమాట కూరలోకి, వేయించి నూరే తొక్కులోకి ఈ కాయలు భేషుగ్గా పనికొస్తాయి. ఇవన్నీ కాయ మెత్తబడాల్సిన వంటలే. కరగనివ్వకుండా గట్టిగా ఉన్నప్పుడే కోసి వేయాలి. ఈ కిటుకు నాది కాదు, ఇంట్లామెది. ఎండాకాలం ధర ఎక్కినప్పుడు ఆమె నాకు చెప్పకుండా నా కవర్లే వాడింది. సంచులు సన్నబడటం చూసి అడిగితే, "ఎలుక గావొచ్చు" అంది.

ఆ ఊపులో హైదరాబాదులో ఉండే బిడ్డకు ఒక పెద్ద కవరు తీసుకుపోయాను. పేపర్లో చుట్టి, దాని మీద తువ్వాల చుట్టి, బస్సులో పైనున్న అరలో పెట్టాను. చౌటుప్పల్ దగ్గర ముందు సీటాయన నెత్తి మీద చుక్కలు పడ్డాయి. "ఈ సంచి ఎవలది?" అని కండక్టర్ అరిస్తే, అందరితోపాటు నేనూ పైకి చూశాను. ఎల్బీనగర్‌లో దిగేటప్పుడు ఆ సంచి అందుకోక తప్పలేదు. ముందు సీటాయన కూడా అక్కడే దిగాడు.

"సరూర్‌నగర్ రైతుబజార్ మా ఇంటి నుంచి నడిచేంత దూరమే గద నాన్నా" అంది బిడ్డ. కరిగినవాటిని మళ్ళీ గడ్డకట్టించకూడదు కాబట్టి ఆ రాత్రే అన్నీ వేయించి తొక్కు నూరింది. అల్లుడు మర్యాదస్తుడు. కళ్ళు తుడుచుకుంటూ రెండోసారి వేయించుకుని, "ఇంకా ఉన్నాయా మామా?" అని అడిగాడు.

ఫ్రీజర్ నిండా ఉన్నాయని చెప్పాను.