ఆ ఇరవై రోజులు బండి ఎవరు ఆపారో మాకు తెలుసు

మొన్న పొద్దున ఫరీదాబాద్ స్టేషన్లో పల్వల్ షటిల్ నలభై నిమిషాలు లేటు. పక్కన నిలబడ్డ కుర్రాళ్ళు ఫోన్లో బండి ఎక్కడుందో చూసుకుంటూ, నడిపేవాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతున్నారు. "జీతాలు లక్షల్లో, పని సున్నా" అన్నాడొకడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సిగ్నల్ పడనిదే అతను బండిని అంగుళం కదపలేడన్న సంగతి కూడా వీళ్ళకు తెలియదు. మా రోజుల్లో చదువురాని కూలీకి కూడా తెలుసు.

నేను ఈ ఊరొచ్చింది 1971లో, మథురా రోడ్డు మీద ఒక కార్ఖానాలో లేతు మిషన్ పనికి. అన్నయ్య బెజవాడ వైపు రైల్వేలో ఫైర్‌మన్. ఇవాళ్టి పిల్లలకు ఫైర్‌మన్ అంటే మంటలార్పేవాడు. మా అన్నయ్య మంట ఆరకుండా చూసేవాడు. అర్ధరాత్రి కాల్ బాయ్ లాంతరు పట్టుకుని వచ్చి తలుపు కొట్టేవాడు. నిద్రమొహంతోనే పుస్తకంలో సంతకం పెట్టి, లైన్ బాక్సు బుజాన వేసుకుని బయల్దేరేవాడు అన్నయ్య. ఆ రేకు పెట్టెలో రెండు పూటలకు బియ్యం, సీసాడు ఆవకాయ, ఒక జత బట్టలు. తిరిగొచ్చేది ఎప్పుడో వదినకు తెలియదు. పద్నాలుగు గంటలు బొగ్గు ఎత్తిపోసి గుమ్మంలోకి వస్తే కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. ముందు కాళ్ళ మీద నీళ్ళు పోయించుకుని, అరుగు మీదే ఒరిగిపోయేవాడు. అన్నం తినమని లేపడానికి మా అమ్మకు మనసొప్పేది కాదు.

అందుకే 1974లో సమ్మె అనేసరికి మా ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. బోనస్, ఎనిమిది గంటల పని, మిగతా ప్రభుత్వ రంగ సంస్థలతో సమానంగా జీతం. ఇవీ కోరికలు. ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ను మే 2నే అరెస్టు చేశారు. అయినా మే 8 పొద్దున సమ్మె మొదలైంది. దాదాపు 17 లక్షల మంది అంటారు. ఫరీదాబాద్‌లో పట్టాలు నిశ్శబ్దంగా పడి ఉండడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఎప్పుడో ఒక బండి, దాని మీద టెరిటోరియల్ ఆర్మీ వాళ్ళు. ఢిల్లీలో పనులకు పోయేవాళ్ళు లారీల వెనక వేలాడుతూ వెళ్ళారు. ఎండ మాడ్చేస్తోంది. కష్టం పడలేదని చెప్పను, అందరం పడ్డాం.

అయినా తిట్లు వినపడలేదు. మా షిఫ్టులో మనిషికో రూపాయి వేసుకుని సమ్మె నిధికి ఇచ్చాం. నేను అద్దెకున్న ఇంటివాళ్ళు దేశ విభజనప్పుడు బన్నూ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు. ఈ కొత్త ఊరు 1949లో కట్టడం మొదలుపెట్టింది అలాంటివాళ్ళ కోసమే. ఆ ఇంటావిడ రోజూ సాయంత్రం రొట్టెలు మూటగట్టి గ్యాంగ్‌మన్ల ఇళ్ళకు పంపేది. ఇల్లు లేకుండా పోవడమంటే ఏమిటో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. దేశమంతటా సమ్మెలో ఉన్నవాళ్ళ పెళ్ళాం పిల్లల్ని క్వార్టర్లలోంచి వెళ్ళగొడుతున్న రోజులవి.

మే 24న మా చెల్లెలి పెళ్ళి. 21వ తేదీకి నా చేతిలో టికెట్టుంది, ఎక్కడానికి బండి లేదు. బావగారికని కొన్న ఉన్ని శాలువా ట్రంకు పెట్టెలోనే ఉండిపోయింది. తీరా తర్వాత తెలిసిందేమంటే, అన్నయ్యా పెళ్ళిలో లేడు. అరెస్టు చేస్తారని పక్కూరి పొలాల్లో పాకలో దాక్కున్నాడు. పెళ్ళికి మూడు మైళ్ళ దూరంలో ఉండి మేళం కూడా వినలేదు. మా చెల్లెలికి ఇద్దరన్నదమ్ములుండి ఒక్కరూ పక్కన లేరు. బావమరిది చెయ్యాల్సిన మర్యాదలన్నీ బాబాయి కొడుకు చేశాడు. మూడు రోజుల తర్వాత, మే 27న సమ్మె విరమించారు. నాన్న రాసిన కార్డు ఇప్పటికీ ఉంది నా దగ్గర. అన్నయ్య మీద ఒక్క మాట నింద లేదందులో. వాడు తిన్నాడో లేదో అని మాత్రం రాశాడు.

ఒక సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన వి.వి.గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టి సమ్మె చేయించినవాడు, ఒకప్పుడు అదే ఫెడరేషన్‌కు అధ్యక్షుడు. ఆ పెద్దాయన ఒక్క మాట అంటాడేమోనని ఇక్కడి తెలుగువాళ్ళం రోజూ పేపరు చూసేవాళ్ళం. మేము ఎదురుచూసిన మాట రాలేదు. ఆ ఆగస్టులో ఆయన పదవి దిగిపోయారు.

సమ్మె ఓడిపోయిందనే రాశారు అందరూ. కానీ 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక తీసేసినవాళ్ళను తిరిగి పనిలోకి తీసుకున్నారు. 1979లో బోనస్ వచ్చింది. ఇప్పుడు ఏటా దసరా ముందు 78 రోజుల బోనస్, గరిష్ఠంగా 17,951 రూపాయలు అని టీవీలో చెబుతారే, దాని పునాదిలో ఆ ఇరవై రోజుల పస్తులున్నాయి. తీసుకునే కుర్ర ఉద్యోగులకే ఆ సంగతి తెలియదు. చెబితే, "అంకుల్, అది గవర్నమెంట్ ఇస్తుంది కదా" అంటారు.

ఈ ఊళ్ళో ఇప్పుడు మెట్రో ఉంది. 2015లో ముజేసర్ దాకా వచ్చింది, తర్వాత బల్లభ్‌గఢ్ దాకా పోయింది. చల్లగా ఉంటుంది, నేనూ ఎక్కుతాను. కానీ తలుపు మూసుకుంటే నడిపే మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ పట్టదు. 2020 మార్చిలో దేశంలో పాసింజరు బండ్లన్నీ ఆగిపోతే, జనం ఫోన్లో మెసేజి చూసి టికెట్టు డబ్బులు వెనక్కొచ్చాయా లేదా అని చూసుకున్నారు, అంతే. లండన్‌లో ఉన్న మా మనవడు చెప్పాడు, 2022 జూన్‌లో అక్కడ రైల్వే యూనియన్ ఫలానా మూడు రోజులు సమ్మె అని ముందే తేదీలు ప్రకటించిందట. జనం తిట్టుకున్నారట, మద్దతూ ఇచ్చారట. తిట్టినా సరే, ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో తెలిసి తిట్టారు కదా!

ఇక్కడ లోకో పైలట్లు పని గంటలు తగ్గించమని, సరిపడా విశ్రాంతి ఇమ్మని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నప్పుడు రాయగడ పాసింజర్ నడిపిన లోకో పైలట్ కూడా పోయాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. అన్నయ్య బతికుంటే ఆయనా నిద్రపోయేవాడు కాదు.

షటిల్ కోసం చూస్తున్న ఆ పొద్దున లూప్ లైన్లో ఒక గూడ్సు ఆగి ఉంది. మెయిన్ లైన్లో వందే భారత్ దూసుకుపోయేదాకా దానికి దారి లేదు. క్యాబిన్ కిటికీలోంచి లోకో పైలట్ నావైపు చూశాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక గోడకు ఆనించి చక్రాల బ్యాగు. లైన్ బాక్సు పోయి అది వచ్చింది. ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి, ఇల్లు వదిలి ఎంతసేపయిందని హిందీలో గట్టిగా అడిగాను. "మొన్న సాయంత్రం, బాబూజీ" అన్నాడు. నా సంచిలో రెండు అరటిపళ్ళూ నీళ్ళ సీసా ఉన్నాయి. అందించబోయేసరికి సిగ్నల్ పచ్చబడింది. చెయ్యి ఊపి, హారన్ కొట్టి బండి కదిలించాడు.